భీమ్లా కట్టిన ట్రాకర్

జూలూరుపాడులో కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే భీమ్లా, తన ఇరవయ్యేళ్ళ నాటి మోటారుసైకిలును విప్పి పరిచి ఎనిమిది నెలలైంది. మట్టి పందేలలో పరుగెత్తే బండి పోలికతో, రోడ్డుకు పనికివచ్చేలా కట్టే దానిని స్ట్రీట్ ట్రాకర్ అంటారని అతడు ఫోన్లో చూసి తెలుసుకున్నాడు. ఆనాటినుంచి వంటింటి పక్క వసారా అంతా ఇనుము పాలైంది. అంగన్‌వాడీ టీచరైన అతని భార్య ద్వాలి కొన్నాళ్ళు సహించి, చివరకు గడువు పెట్టింది: పశువులు చల్లగా ఉండాలని తండాల్లో జరిపే సీత్లా పండుగనాడు తాను ఆ బండి మీదనే పుట్టింటికి వెళ్ళాలి, లేదంటే మరునాడే అది పాత ఇనుము కొట్టుకు పోవాలి.

భీమ్లా తొందరపడే మనిషి కాదు. పనికిరాని అల్యూమినియం తీగను తన చేతులకు అమరేలా వంచి చూసుకొని, ఆ నమూనాతో కొత్తగూడెంలో హ్యాండిల్ పైపు వంపించాడు. సీటుకు అట్టముక్క పరిచి, దాని మీద తానే కూర్చొని గీత గీసుకున్నాడు. గీత దాటిన ఛాసీ తోకను కోయించి పారేశాడు. సైలెన్సర్‌ను పక్కగా పైకెత్తించి, కాలు కాలకుండా రేకు తొడిగించాడు. ట్యాంకుకు మిరపపండు రంగు వేశాడు.

పండుగ మంగళవారం ఉదయం తొలి కిక్కుకే ఇంజను అందుకుంది. గుగ్గిళ్ళ గిన్నె మూటగట్టుకొని, కొత్త చీరలో ద్వాలి బయటికి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"మంచిగనే ఉన్నది. నేనేడ కూసోవాలె?"

భీమ్లా సీటు వంక చూశాడు. కొలతలన్నీ తన ఒంటికే తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ వెనక కూర్చున్న మనిషికి జానెడు చోటు మిగల్చలేదు.

"ట్రాకర్‌కు తోక ఉండదే," అన్నాడు మెల్లగా.

"అవ్, తోక లేదు. పెండ్లాం గుడ లేదాయె."

వారం గడువిస్తే ఇంకో సీటు కట్టిస్తానని అతడు బతిమాలాడు. పాత ఇనుము కొట్టు ముత్యాలుకు ఇప్పుడే ఫోన్ చేయమంటావా అని అడిగి, ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చినప్పుడు పంజాబీ డ్రెస్సులో ఉంది. గిన్నె మూటనూ, తన స్కూటీ తాళాన్నీ అతని చేతుల్లో పెట్టింది.

"ఎనక రా. గిన్నె ఒలకనియ్యకు."

పెళ్ళికి ముందు అన్న బండి మీద పత్తి చేల బాటల్లో గేర్లు మార్చిన చేతులవి. బండి ఒకసారి ఎగిరి ఆగింది. రెండోసారి ఆగలేదు.

జామాయిలు తోటల నడుమ వానకు తడిసిన ఎర్రమట్టి దారి. స్కూటీ మీద, పాదాల మధ్య గిన్నెతో భీమ్లా వెంటపడ్డాడు. బండి కట్టినవాడు ఎక్కి కూర్చుంటే తన బండి పరుగు తనకే కనిపించదు. ఇప్పుడు కనిపించింది: మలుపులో ఒరిగే వెడల్పు హ్యాండిల్, ఆకుల మధ్య మెరిసే ఎర్ర ట్యాంకు, ఆ కురచ వెనకభాగం. వెనక చక్రం చిమ్మిన బురద చొక్కా నిండా పడుతుంటే, అతడు ఒంటరిగా, బిగ్గరగా నవ్వాడు.

పుట్టింటి తండా మొదట్లో ద్వాలి బండి ఆపింది. నుదుటిదాకా బురదతో వచ్చిన మొగుడు, ముత్యాలు సంగతేమిటని భయంభయంగా అడిగాడు.

"ఏ ముత్యాలు?" తాళంచెవిని ఆమె గుప్పిట్లో బిగించింది. "సీటు రెండు వేళ్ళంత దించు. కాలు అందుతలేదు."

ఎదురొచ్చిన అత్తగారి చేతికి గిన్నె అందించి, ద్వాలి మడమకూ నేలకూ మధ్య ఎడమెంతో చూడటానికి భీమ్లా ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.