రాహుకాలంలో రౌటరు

మా ఆయన రూపేష్ తిరుపతిలో ఒక టైల్స్ షోరూంలో మేనేజరు. అక్కడ ఆయన మాట వినే నాథుడు లేడు. అందుకని ఐరాలలో మా ఇంటి రౌటరు మీద పడ్డాడు. ఆయన ఫోన్లో ఒక యాప్ ఉంది. ఇంట్లో ఎవరు ఎంతసేపు నెట్ వాడారో అక్కడినుంచే చూస్తాడు, బుద్ధి పుడితే ఆపేస్తాడు. "రేవతి ఫోను రెండు గంటల పది నిమిషాలు" అని నా లెక్క ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. దానికి మా ఆడబిడ్డ చప్పట్ల బొమ్మ ఒకటి. సిగ్గులేని జన్మలు!

మా అత్త దేవకమ్మ భక్తి పాటలు వింటుంటే మధ్యలో ఆపేసి, "ఇంగ సాల్లేమా, కండ్లు పోతాయి" అని ఫోన్ చేస్తాడు. పాటలు వింటే కళ్ళెలా పోతాయో ఆ మహానుభావుడికే తెలియాలి. ఇంట్లో వైఫై ఉంది కదా అని నా ఫోనుకు నెట్ ప్యాక్ కూడా వేయించలేదు.

ఆ శుక్రవారం పదిన్నరకు నాకు ఆన్‌లైన్‌లో డెమో క్లాసు. చిత్తూరులో ఒక స్కూలుకు లెక్కల టీచరు కావాలి. పెళ్ళయిన ఆరేళ్ళకు మొదటిసారి ఎవరో నన్ను పిలిచారు. ఇది పోతే మళ్ళీ ఎవరూ పిలవరని నాకు తెలుసు.

పొద్దున్నే ఫోన్ చేశాడు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం గదా. పన్నెండుకు పెట్టమని సెప్పు."

"వాళ్ళు టైము మార్చరంట."

"మార్చకుంటే ఆ ఉద్దోగమే వద్దు. నా మాటంటే నీకు లెక్కలేదా?"

లేదు. ఫోన్ పెట్టేశాను.

పదిన్నరకు ల్యాప్‌టాప్‌లో మూడు మొహాలు కనిపించాయి. నమస్కారం పెట్టి "ఈరోజు భిన్నాలు" అన్నానో లేదో, బొమ్మ ఆగిపోయింది. వెంటనే ఆయన ఫోను. "నేనే ఇంటికంతా ఆపేసినా. పన్నెండుకు ఇస్తా. అంతా నీ మంచికే." ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు.

అత్త వచ్చి తన ఫోను నా చేతిలో పెట్టింది. "వాడు పాటలు ఆపేస్తాండాడని పోయిన నెలే నెట్ ఏయించుకున్నా. వానికి సెప్పొద్దు. మిద్దె మింద సిగ్నలు బాగుంటాది, పోదాం పామ్మా."

దాంట్లోనే మళ్ళీ క్లాసులో చేరాను. అరగంటసేపు ఎండలో అత్త దాన్ని నా ఎదురుగా పట్టుకుని నిలబడింది. నేను పాఠం చెప్పాను.

పన్నెండుకు మహారాజు నెట్ ఇవ్వబోయాడు. ఎంత నొక్కినా రాలేదు. ఆయన ఆజ్ఞ రౌటరుకు చేరాలన్నా ఇంట్లో నెట్ ఉండాలి, ఆ నెట్టే కదా ఆయన ఆపింది! తాళంచెవి గదిలో పెట్టి బయట తాళం వేసుకున్న తెలివి.

"ల్యాప్‌టాప్ తెరువు. రౌటరు పేజీలోకి పో," అని ఫోన్లో పురమాయించాడు.

"పాస్‌వర్డ్ అడుగుతా ఉండాది."

"అది నేను సెప్పేదిల్లే."

అయితే సరే. అత్త తన గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. రౌటరు వెనకాల సన్న రీసెట్ కంతలో గుచ్చి పది లెక్కపెట్టాను. ఆయన వేసిన తాళాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కనెక్షన్ ఇచ్చిన దామోదరం వచ్చి మళ్ళీ సరిచేస్తూ, "ఓనరు పేరు ఏం పెట్టేదక్కా?" అని అడిగాడు.

"నా పేరే పెట్టప్పా," అన్నాను.

నాలుగింటికి స్కూలువాళ్ళు ఫోన్ చేశారు. సోమవారం చేరమన్నారు.

శనివారం పొద్దున తిరుపతి బస్సు దిగి వచ్చాడు మా ఆయన. అప్పటికి తొమ్మిది దాటింది. చెప్పులైనా విడవకుండా ఫోను చాచి, "పాస్‌వర్డ్ సెప్పు," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అత్త అంది.

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం నాయనా. కూసో."