బ్రేకులు చూసినట్టు సంతకం

వెనక ఎడమ చక్రం ఊడిరావడానికి గంటంబావు పట్టింది. పది నట్లలో మూడు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పొడవాటి పైపు తగిలించిన పానా మీద సుప్రజ రెండు కాళ్లతో నిలబడి, బస్సు కిటికీ ఊచ పట్టుకుని ఊగితే తప్ప అవి కదల్లేదు. శివరాత్రి ఇంకా రానేలేదు, ఓర్వకల్లు రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డు మాత్రం పదకొండు గంటలకే పెనంలా కాలుతోంది. బయట మట్టి టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే దుమ్మంతా లోపలికొచ్చి చెమట మీద అంటుకుంటోంది.

బ్రేకు డ్రమ్ము కూడా లాగేశాక ఆమె పని ఆపింది.

"మేస్త్రీ, ఒకసారి ఇట్ల రాండి."

జ్ఞానరాజు పక్క టిప్పరు కిందినుంచి పాకుతూ బయటికొచ్చాడు. ముప్పైనాలుగేళ్లుగా లారీల కింద బతికిన మనిషి. నుదుటి మీది కళ్లద్దాలు దించుకుని, డ్రమ్ము లోపలంతా వేలితో తడిమాడు. వేడికి చిట్లిన సన్నగీతలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అంచుదాకా సాగింది. గోరు పెడితే దిగుతోంది. బ్రేకు లైనింగు రివెట్లదాకా అరిగిపోయి, ఆ రివెట్లు ఇనుమును చాళ్లు చాళ్లుగా కోసేశాయి.

"కుడిపక్క?"

"అదీ ఇప్పినా. పగులు ల్యా గానీ లైనింగు ఇంతే."

"ఈ బండి యాడికి పోతాదో తెల్సునా?"

"శ్రీశైలం అన్నారు మేస్త్రీ."

జ్ఞానరాజు డ్రమ్మును నేల మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఆత్మకూరు దాటితే అడవి. దోర్నాల నుంచి ఘాటు రోడ్డు. ఆ దారిలో బ్రేకు ఎన్నిసార్లు తొక్కాలో ఆయనకు చెప్పే పనిలేదు.

సుప్రజది ఎమ్మిగనూరు. తండ్రి రామలింగప్ప నలభై ఏళ్లు మగ్గం నేశాడు. చీరకిచ్చే కూలి నూలు ధరతో పరుగెత్తలేక వెనకబడితే, రెండేళ్ల కిందట మగ్గం విప్పి అటక మీద పెట్టి, అరవయ్యో ఏట వేరుశెనగ మిల్లులో మూటలు మోయడానికి పోయాడు. డిగ్రీ చేతబట్టుకుని ఇంట్లో కూర్చున్న సుప్రజకు భారీ వాహనాల మెకానిక్ శిక్షణ గురించి వాట్సాప్‌లో ఎవరో పంపారు. నాలుగు నెలలు క్లాసు, రెండు నెలలు షెడ్డులో పని, ఆపైన సిమెంటు లారీల యార్డులో పదహారు వేల ఉద్యోగం. ఆడపిల్లలు ఇందరుండాలని పథకంలో ఉందట. అందుకని ఎనిమిది మందిని చేర్చుకున్నారు. ముప్పై మందికి కలిపి ఒక్క ఇంజను. అదీ రంగేసిన తుక్కు ఇంజను, తిరగదు. తనిఖీ వాళ్లొచ్చిన రోజు తప్ప దానిమీది గుడ్డ తీయలేదు. ఏడుగురు ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు మానుకున్నారు. సుప్రజ మాత్రం పరీక్ష రాసింది, పాసైంది. పాసైనవాళ్లకు ఒక నంబరు ఇచ్చారు.

పని నేర్చుకున్నది మాత్రం ఈ షెడ్డులోనే, జ్ఞానరాజు దగ్గరే. మొదటివారం ఆమెను టీ తేవడానికి, ఫోటోలు దిగడానికి వాడుకున్నారు. రెండోవారం జ్ఞానరాజే ఆమె చేతికి పానా ఇచ్చాడు. తెగిన దారం ఎక్కడుందో చీకట్లో వేళ్లతో వెతికి ముడేసే ఇంట్లో పుట్టిన పిల్ల. బేరింగు వదులును చూపు కన్నా ముందే చేత్తో పట్టేసేది. "నీ చేతికి బుద్ధి ఉండాది పాపా" అన్నాడాయన ఒకరోజు. అదే ఆమెకు అందిన మొదటి సర్టిఫికెట్. కాగితం సర్టిఫికెట్ రావాలంటే ఇంకా తొమ్మిది రోజులుంది. రెండు నెలలు సరిగ్గా పనిచేసిందని షెడ్డు యజమాని వీరభద్ర ఉత్తరం రాసివ్వాలి.

వీరభద్ర పన్నెండింటికి వచ్చాడు. చెడ్డవాడని పేరున్న మనిషి కాదు. పనివాళ్లను పేరుపెట్టి పిలుస్తాడు, జ్వరమొస్తే మాత్రలు తెప్పిస్తాడు.

"ఏమ్మా సుప్రజా, బిగించినారా?"

"లేదు సార్. డ్రమ్ము పగిలింది. కొత్తది ఎయ్యల్ల."

"కర్నూల్లో అడిగినా. పండగ గిరాకీలో ఆ సైజు ల్యాదంట. ఎల్లుండికి వస్తాది. అంతదాకా ఎమ్రీ కాగితం రుద్ది, మూలన పాత బ్రేకు షూలు ఉండాయి గదా, అవి ఏసి బిగించండి."

"ఎల్లుండిదాకా బండిని ఆపితే అయిపోతాది గదా సార్."

"ఎల్లుండికి శివరాత్రే అయిపోతాది." వీరభద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ ట్రావెల్స్ ఆయప్పవి పదకొండు బస్సులు ఈడికే వస్తాయి. ఇది ఆపితే పదకొండూ ఇంకో షెడ్డుకు పోతాయి. అప్పుడు నేను మీకందరికీ ఏం పెట్టల్ల చెప్పు?"

అతను చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. పండగ ప్రత్యేక బస్సులకు ఈసారి బ్రేకులు పరీక్షించినట్టు కాగితం అడుగుతున్నారట. దానిమీద శిక్షణ పొందిన మెకానిక్కు సంతకం, నంబరు ఉండాలి. జ్ఞానరాజుకు ముప్పైనాలుగేళ్ల పని ఉంది, నంబరు లేదు. నంబర్లున్నది ఇద్దరికే. సుప్రజకు, ఆమెతోపాటు శిక్షణకు వచ్చిన జయకుమార్‌కు. ఆడపిల్ల సంతకమైతే ట్రావెల్స్ వాళ్ల ఫోటోకు కూడా బాగుంటుందని వీరభద్ర అన్నాడు. అతను నవ్వులాటకు అనలేదు.

"బిగించినాక పెట్టు. తొందరేం ల్యా" అని చెప్పి ఫోను మాట్లాడుకుంటూ బయటికి పోయాడు.

నీళ్ల డ్రమ్ము దగ్గర జ్ఞానరాజు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

"పెట్టెయ్ పాపా."

ఆమె నమ్మలేనట్టు చూసింది.

"నీ వయసులో నేనూ ఒకసారి వద్దన్యా. నంద్యాల గ్యారేజీలో. ఒక లారీకి స్టీరింగు రాడ్డు బాగలేదు, బిగించనన్యా. ఆ సాయంత్రమే బయటికి పంపినారు. పదకొండు నెల్లు ఎవురూ పనియ్యల్యా. మా పెద్దపాప సదువు ఆడనే నిల్చిపాయ. ఆ లారీ మాత్రం నిల్చిందా? ఇంకొగడు బిగించినాడు, పాయ."

"ఆ లారీ తిరిగొచ్చిందా మేస్త్రీ?"

జ్ఞానరాజు చెంబు ముంచి, నీళ్లు తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"నేను కనుక్కోల్యా" అన్నాడు.

రెండు గంటలకల్లా పాత షూలు బిగించారు. బిగించింది జ్ఞానరాజు, జయకుమార్. సుప్రజ పానాలు అందించలేదు. ఎవరూ అడగలేదు. వీరభద్ర తిరిగొచ్చి కాగితాన్ని టూల్‌బాక్సు మీద పరిచి పెన్ను చాచాడు.

"నేను పెట్టను సార్."

సుప్రజ కాగితాన్ని అతని వైపు జరిపింది.

"డ్రమ్ము పగిలిందని రాయమంటే రాసి సంతకం పెడతా."

"అట్ల రాస్తే దాన్ని కాగితం అనరమ్మా, కంప్లయింట్ అంటారు." వీరభద్ర గొంతు పెంచలేదు. "మీ నాయన మొన్న ఫోన్ చేసినాడు నాకు. పాప ఎట్ల చేస్తాంది సార్ అని. బంగారం లాంటి పాప అని చెప్పినా. ఇంక తొమ్మిది రోజులుండాది. ఆలోచన చెయ్యి."

సుప్రజకు తండ్రి భుజం గుర్తొచ్చింది. మూటల రాపిడికి తోలు నల్లగా గట్టిపడిన చోటు.

"ఆలోచన చేసినా సార్."

"సరేమ్మా. రేపటినుంచి రావద్దు" అని వీరభద్ర జయకుమార్ వైపు తిరిగాడు.

జయకుమార్ భార్యకు ఎనిమిదో నెల. అతను పెన్ను తీసుకుని, నంబరు గుర్తులేక ఫోన్లో వెతికి, చూసి రాసి, సంతకం చేశాడు. సుప్రజ బట్టల సంచి తీసుకుని పోతుంటే గుమ్మం దగ్గర అడ్డమొచ్చాడు.

"నువ్వు పెట్టకుంటే నా మీదికొస్తాదని తెల్సు గదా నీకు" అన్నాడు.

తెలుసు. కాదని ఎలా అంటుంది?

కర్నూలు బస్సు కోసం ఆమె రోడ్డు మీది కూడలిలో నిలబడింది. హాస్టల్‌కు పోవాలి. రాత్రికి ఇంటికి ఫోన్ చేయాలి. ఏం చెప్పాలో తెలియదు. మూడున్నరకు అదే బస్సు, ముందు అద్దానికి బంతిపూల దండ వేసుకుని, ఆమెకు పది అడుగుల దూరంలో వచ్చి ఆగింది. పక్క ఊరి యాత్రికులు మూటలతో, నీళ్ల సీసాలతో అప్పటికే అక్కడ కాచుకుని ఉన్నారు.

సుప్రజ డ్రైవరు కిటికీ కిందికి పోయింది. లేవి అనే ఆ డ్రైవరు ఉదయం బండి అప్పజెప్పినప్పుడు ఆమెతో మాట్లాడినవాడే.

"అన్నా, ఎడమ డ్రమ్ము పగిలింది. మార్చల్యా."

"తెల్సులేమ్మా." లేవి స్టీరింగు మీదినుంచి చెయ్యి తీయలేదు. "తొక్కితే కాలికి తెలీదా? రెండో గేర్లో దింపుతా."

"గేరుతో ఎంతసేపు ఆగుతాది అన్నా?"

"నేను దిగితే ఇంకొగడు ఎక్కుతాడు. ఘాటు ఎన్నడూ చూడనోడు ఎక్కుతాడు. అప్పుడు మేలా?"

ఆమె కిటికీ దగ్గర్నుంచి జరిగింది. వెనక్కి తిరిగి, తలుపు దగ్గర తోసుకుంటున్న జనంతో గట్టిగా అంది.

"ఈ బస్సుకు బ్రేకులు బాగల్యా. ఎక్కద్దండి."

కొందరు ఆగారు. వాళ్లను తీసుకుపోతున్న పెద్దమనిషి ముఖం చిట్లించాడు. "పుణ్యానికి పోయేటప్పుడు ఇవేం మాటలు పాపా? ఏమప్పా డ్రైవరూ, బ్రేకులెట్లుండాయి?"

లేవి ఆమె వైపు చూడకుండా అద్దం ముందున్న కాగితం తీసి చూపించాడు. పెద్దమనిషి దాన్ని దూరంగా పట్టుకుని సంతకందాకా చదివి, అందరికీ వినబడేలా చెప్పాడు. "ఈ దినమే చూసినారు. నంబరు కూడా ఉండాది. ఎక్కండి ఎక్కండి."

మళ్లీ ఎక్కడం మొదలైంది. చంకలో బిడ్డతో ఒకామె ఎక్కింది. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నవ్వుకుంటూ ఎక్కారు. కర్రపట్టుకున్న ముసలాయనను ఇద్దరు ఎత్తి ఎక్కించారు. సుప్రజ ఒకరి చెయ్యి పట్టుకుంది, విడిపించుకుని పోయారు. మరొకరితో చెప్పబోతే, "మొగుడితో కొట్లాడి వచ్చిందేమో" అన్నారు ఎవరో. ఆమె మాట క్రమంగా తగ్గి, ఆగిపోయింది.

అందరికన్నా వెనక బియ్యపు మూటతో సుబ్బక్క అనే పెద్దామె మిగిలింది. మూట లోపలికి అందించి, కుడికాలు మెట్టు మీద పెట్టి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడు సుప్రజ వైపు చూసింది.

"నీకెట్ల తెల్సు పాపా?"

"ఆ చక్రం ఇప్పింది నేనే అవ్వా."

"నువ్వు మెకానిక్కా?"

ఉత్తరం రాదు, సర్టిఫికెట్ రాదు, రేపటినుంచి షెడ్డూ లేదు. సుప్రజ రెండు చేతులూ చూసుకుంది. గోళ్ల సందుల్లో బ్రేకుల నల్లటి పొడి అలాగే ఉంది.

"అవును" అంది.

"ఎక్కత్తా, సీటు పట్టినా" అని లోపలినుంచి కోడలు పిలిచింది. పెద్దమనిషి తొందరపెట్టాడు. ఎవరో గోవింద కొట్టబోయి శివనామం అందుకున్నారు, బస్సంతా అందుకుంది. లేవి హారను మోగించలేదు. గేరు రాడ్డు మీద చెయ్యి వేసి, పక్క అద్దంలోంచి తలుపు వైపు చూస్తూ ఉన్నాడు.

సుబ్బక్క ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి అలాగే నిలబడింది.