ధర్మవరంలో అడిగిన మాఫీ

గల్ఫ్‌లో ఒకే గదిలో ఉండిన ఇద్దరు కూలీలు, పెనుకొండ షారుఖ్, ధర్మవరం వీరేష్, వంట దగ్గర మాటామాటా అనుకున్నారు. షారుఖ్ చేతిలోని కత్తికి వీరేష్ చనిపోయాడు. ఆ దేశం షారుఖ్‌కు మరణశిక్ష వేసింది. అక్కడి చట్టం ప్రకారం వీరేష్ తల్లి మాఫీ ఇస్తేనే షారుఖ్ బతుకుతాడు. రంజాన్ పండుగ దాటితే శిక్ష అమలు చేస్తారు.

ఆ దేశంలో మన రాయబార కార్యాలయంలో పెద్ద అధికారి యూనస్. సొంత ఊరు హిందూపురం. దేశాల మధ్య తగాదాలు తీర్చడంలోనే ఆయన తల నెరిసింది. సెలవు పెట్టి వచ్చి, షారుఖ్ తల్లి ఖాతూన్‌బీని కారులో ఎక్కించుకుని ధర్మవరం పోయాడు. ఆమెను గడప బయట ఉండమని, తాను లోపలికి పోయి మాట్లాడాడు.

వీరేష్ తల్లి లలిత మగ్గం దిగి వచ్చింది. అంతా విని, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇది మా పక్క పద్ధతి. చావు పడ్డ ఇంటివాళ్లు అవతలి పక్షానికి నీళ్లిస్తే, మాటకు ఒప్పుకున్నట్టే. అవతలివాళ్లు వద్దంటే పగ ఉన్నట్టే.

యూనస్ ఊరు విడిచి చాలా ఏండ్లయింది, ఆ పద్ధతి గుర్తుకు రాలేదు. రోజా ఉన్నానమ్మా, పొద్దుగూకేదాకా నీళ్లు ముట్టను, వద్దన్నాడు.

లలిత చెయ్యి వెనక్కి తీసుకుంది. అది చూసి ఖాతూన్‌బీ గడప దాటి వచ్చి దోసిలి పట్టింది. ఆమె కూడా రోజాలోనే ఉంది. లలిత పోసిన నీళ్లు గటగటా తాగేసింది. దేవుడు ఆ నీళ్లను తప్పుగా రాసుకున్నాడో, ఒప్పుగా రాసుకున్నాడో నాకు తెలియదు.

"అక్కా, నీ కొడుకు బతకనీ" అంది లలిత. "కానీ నా బిడ్డ పెట్టెలో వచ్చినాడు. నీవాడు ఈ దేశంలోకి నడిచి రాకూడదు."

"రాడు. నేను చచ్చేదాకా వాని మొగం చూడను."

లలిత యూనస్ వైపు తిరిగింది. "సార్, నీకు తెలిసుంటాది. వాడు వస్తాడా, రాడా?"

విడుదలైన వాళ్లను ఆ దేశం నేరుగా విమానం ఎక్కించి పంపేస్తుంది. యూనస్‌కు అది తెలుసు. చూద్దామమ్మా, ప్రయత్నం చేస్తామన్నాడు.

"చూద్దామనే మాట పట్టు షావుకార్ల దగ్గర శానా విన్నా సార్. వస్తాడా, రాడా?"

ఆయన తల వంచుకున్నాడు. "వస్తాడమ్మా. విడిస్తే ఇంటికే పంపుతారు."

లలిత తిట్టలేదు. చెంబు తీసుకుని లోపలికి పోయి గడియ వేసుకుంది.

తిరుగుదారిలో పెనుకొండ కొండ కనబడినప్పుడు ఖాతూన్‌బీ అడిగింది. "నాయనా, నీ కొలువులో ఎవరెవరికో ఏమేమో చెప్పింటావే. ఆయమ్మకు రాడని ఒక్క మాట చెప్పలేకపోతివా?"

నిజం చెప్పినవాడిని దేవుడు మెచ్చుకుంటాడని మనం పిల్లలకు చెప్తాం. ఆ కారులో ఆయన పక్కన కూర్చుని ఆ మాట చెప్పగలమా?

బండి తిప్పమంది ఆమె. మళ్లీ ధర్మవరం పోయి, మూసిన తలుపు ముందర అరుగు మీద కూర్చుంది. యూనస్ కాసేపు నిలబడి, ఆమె పక్కనే కూర్చున్నాడు. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.