మగ చిప్పలోని అమ్మ

తడిసిన దుప్పటి మార్చడానికి మనిషిని మంచం దించనక్కర్లేదు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఖాళీ అయిన సగంలో పాత దుప్పటిని వీపు దాకా చుట్టి, అక్కడ కొత్తది పరిచి, ఆ చుట్ట మీదుగా రెండో పక్కకి తిప్పితే చాలు. తుంటి విరిగి అత్తగారు మంచాన పడ్డాక ఆమెకు ఈ విద్య కూడా అబ్బింది. "అమ్మా, అబ్బా" అని ఆవిడ మూలుగుతుంటే, "అయిపోయింది అత్తయ్యా, అయిపోయింది" అంటూ ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. "ఎంత కడిగినా నీ చేతులకి ఆ నీచు వాసన పోదేమే!" అని అత్తగారు ముక్కు చిట్లించింది. తను తడిపిన గుడ్డ కోడలి చేతిలో ఉండగానే ఆ మాట అనడానికి ఆవిడ ఏమాత్రం మొహమాటపడలేదు.

పక్క గదిలో భర్త ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం సైంటిస్టుల సభలో చెప్పాల్సిన ఉపన్యాసం అది. రాసుకున్నది మాత్రం ఆమె.

ఇద్దరూ పనిచేసేది ఒకే పరిశోధనశాలలో. అతను రొయ్యల జబ్బుల విభాగంలో పెద్ద సైంటిస్టు, గాజు తలుపుల గది, బల్ల మీద పేరున్న పలక. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి, సముద్రపు నీళ్ళ తొట్ల పక్కన ఒక స్టూలు. అక్కడ అందరూ ఆమెను చిప్పల మేడం అంటారు. "ఇన్నేళ్ళు చిప్పలు పట్టుకుని వేళ్ళాడింది, చివరికి చేతికి చిప్పే మిగిలేట్టుంది" అని భర్త స్నేహితుల ముందు జోకు వేస్తే, అందరితో పాటు తనూ నవ్వింది. నవ్వకపోతే సరదా తెలియని మనిషి అనేస్తారు. ఆ నవ్వు తర్వాత చాలాసేపు దవడలు నొప్పి పెట్టాయి.

ఆమె తొట్లలో పెంచే ఆ నల్ల ఆల్చిప్పల్లో ఒక వింత ఉంది. ప్రాణుల కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అని ఉంటాయి, చిన్న చిన్న పొయ్యిల్లాంటివి. వాటికి సొంతంగా కాసిని జన్యువులు కూడా ఉంటాయి. మనుషుల్లోనైనా పశువుల్లోనైనా అవి తల్లి నుంచే బిడ్డకి వస్తాయి. తండ్రివి మొదట్లోనే నశించిపోతాయి. ఈ ఆల్చిప్పల్లో మాత్రం తండ్రి తనవి కొడుకులకి అందిస్తాడు. కూతుళ్ళలో అవి చెల్లాచెదురై మాయమవుతాయి. కొడుకుల్లో ఒక్కచోట గుంపు కట్టి, వీర్యం తయారయ్యే చోట మకాం వేస్తాయి. అంటే మగ చిప్పలో పాదం, మొప్పలు, కండ, చాకిరీ చేసే ఒళ్ళు దాదాపు అంతా నడిచేది అమ్మ ఇచ్చినవాటితో. వీర్యం మాత్రం నాన్న ఇచ్చినవాటితో. ఆమె మగ చిప్పల్నే తెరిచేది. పాదంలోంచి తీసింది అమ్మ అని రాసిన గొట్టంలో, వీర్యంలోంచి తీసింది నాన్న అని రాసిన గొట్టంలో వేసేది. నాన్న జన్యువుల మధ్య ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక తునక ఉంది. అది పనికిమాలినది కాదని, ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తోందని, ఆ ప్రొటీన్ వీర్యంలో ఉందనీ అదే చిప్ప పాదంలో లేదనీ ఆమె పట్టుకుంది. ఒకే ఒంట్లో రెండు వంశాలు ఒకదానితో ఒకటి కలవకుండా ఎలా బతుకుతున్నాయో తెలుసుకోవడానికి అక్కడ ఒక దారి దొరికింది. అది మొదటిసారి కంటపడిన రోజు ఆగలేక ఇంట్లో ఉన్న భర్తకి ఫోన్ చేస్తే, "మంచిదే. వచ్చేటప్పుడు అమ్మకి మాత్రలు తీసుకురా" అన్నాడు.

తర్వాత అత్తగారిని చూసుకునే ఆయా మానేసింది. "అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా" అన్నాడు. ఎవరో ఒకరు అంటే ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. "నీ ఉపన్యాసం నేను చెప్పేస్తాలే. ఎవరు చెబితే ఏంటి, ఇంటిపేరు ఒకటేగా!" డైరెక్టరుగారు కూడా, "ఆ మాత్రం సర్దుకోవాలమ్మా, ఇల్లు ముందు" అన్నారు. ఆ మాట ఆయన అతనితో అనలేదు. ఆమె ఊఁ అంది. పెళ్ళయినప్పటి నుంచీ ఊఁ కొడుతూనే ఉంది. కథ చెప్పేది ఎప్పుడూ అవతలివాళ్ళే.

"ఈ ప్రొటీన్ మగ ఆల్చిప్పల్లో ఉంది, ఆడ ఆల్చిప్పల్లో లేదు" అని పక్క గదిలోంచి వినిపించింది.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆడ ఆల్చిప్పలా? ఎక్కడివి? ఆ గొట్టాల్లో ఆడది ఒక్కటీ లేదే! వెళ్ళి దిద్దితే, సభలో అతను తప్పు లేకుండా చెబుతాడు, చప్పట్లన్నీ అతనివి. దిద్దకపోతే, ఇన్నేళ్ళ పనీ నలుగురి ముందు అబద్ధమై కూర్చుంటుంది. ఎటు చూసినా పోయేది తన సొమ్మే. నోరు మూసుకుందామనే అనుకుంది. కానీ కళ్ళముందే ఆ చిప్పల గురించి లేనిది చెబుతుంటే ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు. తడి దుప్పటి చంకలో పెట్టుకునే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఆడ ఆల్చిప్పలేంటి?"

"అదే, నీ అమ్మ గొట్టాలు."

"అవి ఆడవి కావు."

"నిన్న అడిగాను కదా, అమ్మ అంటే ఆడదేగా అని? ఊఁ అన్నావు."

అన్నది నిజమే. అత్తగారిని లేపి కూర్చోబెడుతూ, నడుం కలుక్కుమన్న క్షణంలో, ఏమడిగాడో చెవికెక్కకుండానే ఊఁ అనేసింది.

"అది మగదాని ఒంట్లో ఉన్న అమ్మండీ. ఆడ చిప్పని ఒక్కదాన్నీ నేను తెరవలేదు. రెండు గొట్టాలూ ఒకే మగదానివి. అసలు కనుక్కున్నదే అది. ఎన్ని ఆడవాటిని చూశారని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?"

"ఏదో ఒకటి చెబుతా. స్లైడ్లు పంపేశాను, ఇప్పుడు మళ్ళీ మొదటికి తేకు. అంత లోతు ఎవడిక్కావాలి? మగవాటిలో ఉంది, ఆడవాటిలో లేదు. వినడానికీ బాగుంది."

"కానీ అది నిజం కాదు కదండీ."

"అబ్బా, నీళ్ళు కారుతున్నాయి చూడు, ముందు ఆ దుప్పటి అవతల పడెయ్."

బాత్రూంలో దుప్పటి బకెట్లో పడేసి, ఏడుపు బయటికి వినపడకుండా పంపు తిప్పి, తడి గచ్చు మీదే కూలబడింది. తన పనంతా తీసుకుపొమ్మని ఇచ్చేసింది, నిజమొక్కటి మిగిల్చమని నోరు తెరిచి అడిగింది. అతనికి అదీ బరువైంది. తన పనిని అతను దోచుకున్నా ఇంత బాధ ఉండేది కాదేమో. దోచుకునేవాడికి కనీసం వస్తువు విలువ తెలుస్తుంది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఎక్కడికని ఆలోచిస్తే పుట్టింటి గడప కూడా గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చింది ఆ సభ జరిగే హాలు. వెళ్తే మాట్లాడనిస్తారో లేదో తెలియదు. డైరెక్టరుగారు మొహం మాడ్చుకుంటారు. ఉద్యోగం కాంట్రాక్టుది, ఊడబెరకడానికి ఒక్క మాట చాలు. ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో ఊహించుకోవడానికే భయం వేసింది.

"త్వరగా రా, స్నానం చెయ్యాలి. నీలం చొక్కా ఇస్త్రీ చేశావా?" అని అతను తలుపు కొట్టాడు.

"లేదండీ" అంటూ ఆమె బయటికొచ్చింది. అతను వినిపించుకోకుండా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

చీర మార్చుకుంది. అత్తగారి చేతికందేలా మంచినీళ్ళూ మాత్రలూ పెట్టింది. ఉతికిన దుప్పటి మడత పెట్టి కుర్చీ మీద ఉంచింది. సంచీ భుజాన వేసుకుంటే అత్తగారు అనుమానంగా చూసింది.

"సభకి వెళ్తున్నానత్తయ్యా. మీ అబ్బాయి మీ దగ్గరుంటారు."

"వాడా?" ఆవిడ ముఖం పాలిపోయింది. "మళ్ళీ పక్క తడిస్తేనో?"

"పిలవండి. మారుస్తారు."

ఆవిడ చటుక్కున కోడలి మణికట్టు పట్టుకుంది. అత్తగారి అధికారం కాదది, మంచాన పడ్డ మనిషి భయం. అతను గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని నిలబడతాడని తెలుసు. ముసలావిడ ఎంతసేపు ఆ తడిలో పడి ఉంటుందో తెలియదు. సంచీ దించేద్దామా అనుకుంది. దించితే ఇక ఎప్పటికీ ఎత్తలేనని కూడా అనుకుంది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"వాడికి చేతకాదే అమ్మా" అని అత్తగారు ఏడుపు గొంతుతో అంది. "పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చెయ్యలేదు."

ఆమె ఆ వేళ్ళను మెల్లిగా విడిపించుకుంది.

"మొదటి రోజు నాకూ చేతకాలేదత్తయ్యా" అని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.