గోధుమరంగు చుక్కలు

మా అత్తగారు ఎండుమిరపకాయలు మంట మీద కాలుస్తూ పొగ ఫ్యాను వేయలేదు. గొడవ అక్కడ మొదలైంది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా, ఫ్యాను వెయ్యమని?" మా ఆయన గువోహెంగ్ గుమ్మంలోంచే అరిచాడు.

"అది మోగుతుంటే మిరపకాయ చిటపట వినపడదురా. మాడిపోతే నువ్వు తింటావా?"

"పొగంతా పీలుస్తున్నావు!"

"అబ్బో, పెద్ద పొగ! షువాన్‌వేలో మన గది మధ్యనే బొగ్గు కుంపటి. పొగ గొట్టం లేదు, కిటికీ లేదు. చదువుకునేటప్పుడు నీ వేళ్ళు కొంకర్లు పోతాయని చలికాలమంతా ఆరనిచ్చానా? అప్పుడు లేని పొగ ఇప్పుడొచ్చింది, కున్‌మింగ్ పట్నం దొరగారికి!"

ఫ్యాను విషయంలో ఆయన ఎప్పుడూ వెనక్కి తగ్గడు. ఈసారి మొహం పాలిపోయి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. టీ తీసుకుని నేనూ వెళ్ళాను.

కొత్త సంవత్సరం పండగ తర్వాత అత్తయ్య కుడి ఊపిరితిత్తిలో క్యాన్సర్ కణితి తీశారు. ఆమెకు మాత్రం పాత చీముగడ్డ అని చెప్పాం. ఇక్కడ ఏ ఇంట్లోనైనా అంతే. జబ్బు పేరు అందరికన్నా ఆఖరున తెలిసేది జబ్బు మనిషికే. అలా తీసిన కణితులను సూక్ష్మదర్శినిలో చూడడమే మా ఆయన ఉద్యోగం. శరీరపు రక్షక కణాలు కణితిలోకి ఎన్ని చొరబడ్డాయో లెక్కపెడతాడు. ఎక్కువ ఉంటే ఒళ్ళు పోరాడుతోందని, మనిషి నిలబడే ఆశ ఎక్కువని అర్థం. అత్తయ్యకు కీమో ఇవ్వచ్చు, మానచ్చు, మీ ఇష్టం అన్నాడు పెద్ద డాక్టరు. తల్లి కణితి ముక్క అంటించిన గాజు పలక తనే చూసి, "సైన్యం దండిగా ఉంది" అంటూ ఇంటికొచ్చాడు గువోహెంగ్. ఆ ఒక్క మాట మీద కీమో మానేశాం. ఆ సాయంత్రం నేను ఉప్పేసి దాచిపెట్టిన పంది తొడ మాంసం కోసి పండగలా వండాను.

"ఏమైంది?" అన్నాను.

"అమ్మ పలక మీద నా లెక్క తప్పు. నిన్న మా ల్యాబులో తాన్ అక్క ఆ పలక మళ్ళీ చేసింది, ఎర్ర రంగుతో. సైన్యం లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి."

"మరి నువ్వు చూసింది?"

"బొగ్గు మసి. రక్షక కణాలు కనబడ్డానికి గోధుమ రంగు వేస్తాం. మా ఊరి వాళ్ళ ఊపిరితిత్తుల్లో మసి కూడా అదే రంగులో ఉంటుంది. షువాన్‌వే వాళ్ళకి ఎర్ర రంగే వాడాలని కొత్తవాళ్ళకి నేర్పేదే నేను."

"కంగారులో మర్చిపోయావేమో."

"మర్చిపోలేదు." కప్పు పట్టుకున్నాడు కానీ తాగలేదు. "అనుమానం వచ్చింది. మళ్ళీ చూడబుద్ధి కాలేదు. చుక్కలన్నీ కలిపి లెక్కపెట్టేశాను."

"తాన్ అక్క ఏమంది?"

"ఏమీ అనలేదు. రెండు పలకలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టి అన్నానికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది."

ఆ మసి ఎవరి చదువు కోసమో ఇప్పుడే ఇద్దరం విన్నాం. సైన్యం ఉందన్న రోజు నేనైనా ఒక్క ప్రశ్న అడగలేదు, మంచి మాట కదా అని.

"ఇప్పుడు ఎక్కిస్తే ఆలస్యమా?"

"ఈ నెల దాటితే ఆలస్యమే. కానీ అమ్మకి తెలియకుండా కీమో ఎలా?"

"చెప్పెయ్."

"జబ్బు సంగతా, నా సంగతా?"

"రెండూ."

మధ్యాహ్నం బంగాళాదుంపలూ తొడ మాంసమూ వేసి మగ్గబెట్టిన అన్నం, పక్కన ఆ మిరపకాయలే దంచిన కారం. అత్తయ్య కొవ్వున్న ముక్క ఏరి కొడుకు గిన్నెలో వేసింది. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"అమ్మా, నీకు తీసింది చీముగడ్డ కాదు. క్యాన్సర్. దానికి ఇంకా మందు ఎక్కించాల్సింది. నా వల్ల మానేశాం. నీ లోపలి మసి చూసి మంచి కణాలన్నాను. మసేమోనని తెలిసీ అన్నాను."

అత్తయ్య నావైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

"జబ్బు సంగతి మొదట్నుంచీ తెలుసు అత్తయ్యా."

"బాగుంది. కుక్కకీ పిల్లికీ తెలుసు, నాకు తప్ప."

బంగాళాదుంప ముక్క కారంలో అద్దుకుని చాలాసేపు నమిలింది.

"రేపే ఆస్పత్రికి వస్తాను. ఆ మందేదో ఎక్కించమను," అంది చివరికి. "కానీ ముందు ఆ పలక నాకు చూపించాలి. నా కుంపటి బొగ్గేదో నేను గుర్తుపడతాను."