ధనుంజయరావు గొంతులో నేను చూసింది

నేను ఒక ఎండోస్కోపును. కొసన కెమెరా, చిన్న దీపం ఉన్న నల్లటి గొట్టాన్ని. ఏలూరులో ఒక ఆసుపత్రికి వచ్చి తొమ్మిదేళ్లయింది. జనం గొంతుల్లోకి దిగడమే నా బతుకు. ఎంత పెద్దమనుషులైనా నన్ను చూడగానే ఓకరిస్తారు. దానికి నాకేం కోపం లేదు. లోపల ఏమీ లేదని తేలగానే తిన్నగా వెళ్లి గేటు బయట మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడతారే, అదీ నాకు ఒళ్లుమంట.

నన్ను కడిగి, ఆరబెట్టేది టెక్నీషియన్ ధనుంజయరావు. ఏళ్ల తరబడి ఛాతీలో మంట, పుల్లతేన్పులు ఉన్నవాళ్లకు నచ్చజెప్పేదీ అతనే.

"మంట తగ్గింది కదాని చూపించుకోవడం మానేయకండి బాబూ. యాసిడ్ పైకి తన్ని తన్ని అన్నం దిగే గొట్టం లోపలి పొర మారిపోద్ది. అందరికీ కాదు, కొందరికది కేన్సర్ అవుద్ది. డాక్టరుగారు చెప్పిన గడువుకి వచ్చి చూపించుకోండి."

అలాంటి మనిషి రోజూ పొద్దున్నే నా ఎదురుగానే ఛాతీమంటకు మాత్ర మింగి పనిలోకి దిగేవాడు. ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా తను పరీక్ష బల్ల మీద పడుకున్నాడా? లేదు.

మొన్నొక రోజు ఇడ్లీ ముక్క దిగక గుండె పట్టుకుని నిలబడిపోయాడు. డాక్టర్ మణిమాల చూశారు.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండు నెలలనుంచండి, అప్పుడప్పుడూ."

మర్నాడు పరగడుపున రమ్మన్నారు. నేను దిగాను. పొట్ట మొదలయ్యే చోట, లేత రంగు పొర ఉండాల్సిన మేర ఎర్రటి పొర పైకి పాకి ఉంది. మధ్యలో చిన్న బొడిపె. ఎన్ని వందల గొంతులు చూశానో, ఎప్పుడూ ఇలా అదిరిపడలేదు. నన్ను రోజూ కడిగే మనిషి లోపల ఇదా! నా దీపం ఆరిపోతే బాగుండును అనిపించింది. డాక్టరుగారు పరీక్షకు చిన్న ముక్కలు తీశారు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది.

"కేన్సర్ మొదలైంది ధనుంజయరావుగారూ. పైపొరలోనే ఉన్నట్టుంది. మిగతా పరీక్షల్లో కూడా అలాగే తేలితే స్కోపుతోనే తీసేయొచ్చు. ఆ తర్వాత గడువు తప్పకుండా చూస్తుండాలి. ముందే చూపించుకుని ఉంటే..."

అప్పుడే అతని ఫోన్ మోగింది. భార్య రత్నం.

"ఆఁ, రిపోర్టు వచ్చింది. ఏం లేదన్నారే. నువ్వు అన్నం తినేయి."

నేను కొయ్యబారిపోయాను. అందరికీ అంతలా చెప్పే మనిషి, కట్టుకున్నదానికి ఇదా చెప్పేది!

డాక్టరుగారు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నారు. "రత్నంగారూ, నేను మణిమాలని. ఉంది. నయం చేసే వీలూ ఉంది. సోమవారం ఆయనతో మీరూ రండి."

ధనుంజయరావు గోడకు చేరగిలబడి బావురుమన్నాడు.