తూర్పు గదుల వీలునామా

దిల్‌సుఖ్‌నగర్‌లో యాదగిరి ఇల్లంటే గల్లీలో ఎవరైనా చూపిస్తారు. పాలవాడు పొద్దున్నే వచ్చి ముందు వాకిట్లో రెండు ప్యాకెట్లు పెడతాడు. ఆ తర్వాత తూర్పు పక్కకు పోయి, నడుం వంచకుండానే మూడో ప్యాకెట్ గడప మీద పెడతాడు. ఆ పక్క రెండు గదులూ పద్దెనిమిదేళ్లుగా నేలకు మూడడుగుల ఎత్తున గాలిలో ఉన్నాయి మరి. వాటిలో కిరాయికుండే జోగారావు కోస్తా మనిషి, కోచింగ్ సెంటర్లో లెక్కల సారు. స్టూలేసుకుని ఎక్కుతాడు, దిగుతాడు. గ్యాసు బండ తెచ్చేవాడు మటుకు వచ్చినప్పుడల్లా గొణుగుతాడు. అంతకు మించి ఎవరికీ పరేషాన్ లేదు.

పరేషానంతా యాదగిరికే. ఆ గదులు అక్క భారతమ్మవని వాళ్ల నాయిన నోటితో చెప్పాడే గాని కాగితం రాయలేదు. ఆయన పోయిన నెలకే యాదగిరి ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి, "అక్కా, కరెంటు మీటరు నా పేరుకు మార్చాలె, జర ఏలిముద్ర వెయ్యి" అన్నాడు. నిజానికది, నాయిన ఆస్తిలో నాకేమీ వద్దని అక్క పేరున రాసిన కాగితం. చదువురాని మనిషి, తమ్ముడి మాట కాదంటుందా? వేసింది. ఆ సాయంత్రమే గదులు లేచాయి. పెనిమిటి పోయాక భారతమ్మ ఎల్బీ నగర్‌లో ఓ రేకుల గదిలో, చీరలకు ఫాల్సు కుట్టుకుంటూ బతుకుతోంది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తాళం, కోచింగ్ సెంటరు బంద్. యాదగిరికి ఛాతీలో నొప్పొచ్చి రెండు రోజులు దవాఖానలో ఉన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే తెల్ల కాగితం పట్టుకుని స్టూలెక్కాడు.

"సారూ, వీలునామా రాయాలె. రిజిస్ట్రీ లేకున్నా ఇద్దరు సాక్షులుంటే చాలంట గద?"

"చాలండి. ఎవరికి రాస్తున్నారు?"

"గీ రెండు అర్రలు అక్కకు. నేను పోయినంకనే ఆమెకు తెల్వాలె. అప్పుడు తిట్టినా నాకు ఇనరాదు."

"ఆవిడ వయసెంతండీ?"

"డెబ్బై ఒకటి."

"మీకో?"

"అరవై నాలుగు."

జోగారావు కలం ఆపాడు. "లెక్క కుదరట్లేదండీ యాదగిరిగారూ. ఇది మీరు పోయాకే కదా పనిచేసేది. ముందు ఆవిడే పోతే?"

యాదగిరికి తల కొట్టేసినట్టయింది. పాపం కడుక్కుంటున్నాననుకున్నాడు గాని, బతికినన్నాళ్లూ గదులు వదలకుండా ఉండే ఉపాయమే పట్టుకొచ్చాడు. సిగ్గుతో దిగబోతే కాలికి స్టూలు అందలేదు. వాళ్లు మాట్లాడుతుండగానే గదులు ఇంకో జానెడు లేచాయి.

ఎట్లాగో దూకి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ దాకా నడిచాడు. భారతమ్మ గుమ్మంలో కూర్చుని కుడుతోంది.

"అక్కా, అది మీటరు కాయితం కాదక్కా. నీ అర్రలు నేనే గుంజుకున్న. తప్పయింది. ఇంటికి రా."

ఆమె సూదిని చీరకు గుచ్చి లేచింది, చెంబుతో నీళ్లు తెచ్చింది. "గింత ఎండల నడిచొచ్చినవా? నీళ్లు తాగు" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ వారమే ఇంటికి వచ్చింది. కాలెత్తేసరికి గడప ఆ కాలి కిందికే దిగింది. జోగారావు ఒక గదిలోకి సర్దుకున్నాడు, రెండోది ఆమె తీసుకుంది. సమ్మె విరమించగానే యాదగిరి గదులు రెండూ అక్క పేర రిజిస్ట్రీ చేయించాడు.

భారతమ్మ ఆ గదిలో నాలుగు నెలలే ఉంది. ఓ పొద్దున లేవలేదు. పదోనాడు జోగారావు, ఆమె చెబుతుంటే తాను రాసిన కాగితం తీసి అందరి ముందూ చదివాడు.

"నా రెండు అర్రలు నా తమ్ముడు యాదగిరికి. ఎందుకంటే, మీటరుకు సాక్షులు అక్కర్లేదని నాకు ఆనాడే తెల్సు. అడిగితే ఇస్తుంటి. వాడు అడగలేకపోయిండు. నేను పోయినంక ఎవ్వరినీ అడిగే తిప్పలు వానికి ఉండొద్దని రాస్తున్న."

యాదగిరి లేచి తూర్పు పక్కకు పోయాడు. గదులు నేల మీదే ఉన్నాయి, ఇప్పుడవి నిజంగా ఆయనవే. లోపల కాలు పెట్టలేకపోయాడు.